మద్యం: లేదు

తలుపు మీద లోనికి రాకూడదని రాసి ఉంది గానీ ఆ తలుపు పూర్తిగా మూతపడదు. వేలెడు సందులోంచి పీరయ్య పాదాలు కనిపిస్తున్నాయి. సిమెంటు ఎండి బూడిదరంగుకు తిరిగిన పాదాలు, ఇప్పుడు కదలటం లేదు. పది నిమిషాల కింద కదిలాయి, మంచం ఇనుప పట్టీకి కొట్టుకుని టకటకా చప్పుడైంది, నర్సు పరుగెత్తింది, నేను లేచి నిలబడి మళ్లీ కూర్చున్నాను. అది రెండో ఫిట్. మొదటిది పొద్దున ఎనిమిదిన్నరకు అశోక్ నగర్‌లో వచ్చింది, పరీక్షలకు చదువుకునే పిల్లల కోసం ఐదంతస్తుల హాస్టల్ కడుతున్నారు, అక్కడ నడుమెత్తు చెక్క మీద నిలబడి ఇటుకలు అందుకుంటూ పడిపోయాడు. ఎత్తు ఎక్కువ కాదు కాబట్టి బతికాడు, కనుబొమ పైన ఏడు కుట్లు పడ్డాయి. మేస్త్రి బాలకిషన్ ఆటోలో వేసుకుని చిక్కడపల్లిలో ఈ చిన్న నర్సింగ్ హోమ్‌కి తెచ్చాడు, పీరయ్య చొక్కా జేబులో నా కార్డు దొరికితే నాకు ఫోన్ చేశాడు. "మేడమ్, గీన మీ పేషెంటంట గద, జర జల్ది రాండ్రి, డాక్టర్ సాబ్ ఏమేమో అడుగుతుండు, నాకేం ఎర్క" అన్నాడు. నారాయణగూడ నుంచి నడిచే వచ్చాను, ఆ వేళప్పుడు ఆటో కన్నా నడకే తొందర, చేతిలో పీరయ్య ఫైలు పెట్టుకుని మెట్రో స్తంభాల నీడలోంచి గబగబా వచ్చాను. నాలుగు పేజీల ఫైలు. కింద నా సంతకం, రాజకుమారి, కౌన్సెలర్, తేదీ శనివారానిది. ఇవాళ బుధవారం. రాగానే దాని కాపీ ఒకటి డాక్టర్ సుమంత్ చేతికిచ్చాను, పనికొచ్చే పని ఒకటి చేశానన్న తృప్తితో ఇచ్చాను. అతను ముప్ఫై దాటని మనిషి, నిలబడే చదివాడు, మద్యం లేదు, గంజాయి లేదు, మాత్రలు లేవు, గుట్కా ఒక్కటే ఉంది అని పైకే అనుకుని, "అయితే తల దెబ్బే చూసుకోవాలి మేడమ్, స్కాన్ రిపోర్టు ఫోన్‌కి పంపుతామన్నారు, రానివ్వండి" అని లోపలికి పోయాడు. అప్పటి నుంచి కూర్చున్నాను. పక్కన పీరయ్య భార్య ఈదమ్మ కూర్చుంది, కొంగు నోట్లో కుక్కుకుని.

పందొమ్మిదేళ్లుగా నేను చేసే పని అడగటం. నారాయణగూడలో కళ్లజోళ్ల దుకాణం మీద మా సెంటర్, రెండు గదులు, ఒక గదిలో గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడతాం, ఇంకో గదిలో ఒక్కొక్కరినే. మందు మానాలనుకున్నవాళ్లు, మానాలని భార్య అనుకున్నవాళ్లు, కోర్టు పంపినవాళ్లు, గంజాయి పిల్లలు, నిద్రమాత్రల పెద్దమ్మలు. వచ్చినవాళ్లకి మొదట చేసేది వైద్యం కాదు, లెక్చరూ కాదు, ప్రశ్నలు. ఏం వాడతారు, ఎప్పటి నుంచి, రోజుకి ఎంత, చివరిసారి ఎప్పుడు, ఇంతకుముందు మానితే ఒంట్లో ఏమైంది. ఇందులో చివరిసారి ఎప్పుడు అన్నది ప్రాణం మీది ప్రశ్న అని మాకు శిక్షణ ఇచ్చిన స్నేహలత గారు చెప్పేవారు. కొన్నిటిని ఒక్కసారిగా మానితే మనిషికి చిరాకు తప్ప ఏమీ కాదు, కొన్నిటిని ఒక్కసారిగా మానితే మనిషి పోతాడు, ఎవరు ఏది వాడుతున్నారో తెలియకుండా మానమని చెప్పటం కన్నా చెప్పకపోవటం మేలు అనేవారు. అడిగేటప్పుడు ముఖం మీద ఏమీ కనిపించకూడదు. పన్నెండేళ్ల కూతురి చెవి కమ్మలు అమ్మి తాగాను అన్నా కనిపించకూడదు. అది నాకు మొదటి నుంచీ సులువుగానే వచ్చింది, మా సెంటర్లో అందరూ నన్ను మెచ్చుకునేది అందుకే, పోయిన ఏడాది మా చెల్లెలు మాత్రం ఏదో మాట మధ్యలో, నీతో మాట్లాడుతుంటే బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడ్డట్టుంటుంది అంది. నేను అప్పుడు కూడా తలూపి, అలా అనిపిస్తోందన్నమాట నీకు అన్నాను. అదీ పని అలవాటే, ఎదుటివాళ్ల మాటని వాళ్లకే తిరిగి వినిపించటం.

శనివారం నాలుగున్నరకు వచ్చాడు పీరయ్య. ఆరోజు ఏడో మనిషి. హాస్టల్ కడుతున్నచోట ఎవరో పళ్ల డాక్టర్లు వచ్చి కూలీల నోళ్లు చూశారట, ఇతని బుగ్గ లోపల తెల్లటి మచ్చ చూసి గుట్కా మానకపోతే నోరు పోతుందని చీటీ రాసి మా దగ్గరికి పంపారు. వయసు నలభై రెండు. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి పద్నాలుగేళ్ల కింద పనికి వచ్చాడు, ముషీరాబాద్ వైపు బస్తీలో కిరాయి గది, పిల్లలిద్దరూ ఊళ్లో మేనమామ దగ్గర బడికి పోతున్నారు. చెప్పులు బయట విడిచి వచ్చాడు, విడవక్కర్లేదన్నా విడిచాడు. కూర్చోండి పీరయ్య గారూ అంటే వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. తర్వాత కుర్చీ అంచున కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నేను అడిగిన ప్రతిదానికీ కాసేపు ఆలోచించి చెప్పాడు. గుట్కా రోజుకి పన్నెండు పొట్లాలు. పదహారేళ్ల వయసు నుంచి. చివరిసారి మీ మెట్లెక్కే ముందు, అదీ అబద్ధం చెప్పకుండా చెప్పాడు. నేను పేజీ తిప్పాను. మందు తాగుతారా అన్నాను.

"మందు ముట్ట మేడమ్. నా పోరగాండ్ల మీద ఒట్టు. మందు తాగెటోని పక్కకు గూడ కూసోను."

మద్యం ఎదురుగా లేదు అన్నచోట గీత పెట్టాను. ఫారంలో ఆ వరుసలో బీరు, విస్కీ, బ్రాందీ, నాటుసారా అని ఉన్నాయి, నాలుగు చిన్న గళ్లు, నాలుగూ ఖాళీ. ఆరుగురు మగవాళ్లు పొద్దుట్నుంచీ నాకు రెండు పెగ్గులే అని చెప్పి వెళ్లాక, ఏడోవాడు ముట్టను అంటే హాయిగా అనిపించింది, అది దాచటం ఎందుకు, హాయిగానే అనిపించింది. మొహం కడుక్కున్నట్టు అనిపించింది. మానటానికి సిద్ధంగా ఉన్నాడు అని రాశాను, ఆదివారం మొదటి రోజు అని ఇద్దరం నిర్ణయించుకున్నాం, "ఒక్కసారే మానెయ్యండి, కొద్దికొద్దిగ అనుకుంటే ఎన్నటికీ కాదు. అలవాటున్నదేదైనా బంద్ పెట్టేయండి" అన్నాను. "దేవునోలె జెప్పినవ్ మేడమ్" అని లేచాడు. ఆ మాటకి కూడా నా ముఖం మీద ఏమీ కనిపించి ఉండదు, కానీ ఆ సాయంత్రం ఇంటికి పోతూ సిటీ సెంట్రల్ లైబ్రరీ దాటేదాకా ఆ మాట నాతో నడిచింది. లైబ్రరీ బయట గోడవారగా పిల్లలు బ్యాగులు వీపున తగిలించుకుని నిలబడి టీ తాగుతున్నారు, ఒక చేతిలో కప్పు, ఒక చేతిలో నోట్స్, వాళ్లలో నిద్ర రాకుండా ఉండే మాత్రలు వేసుకునేవాళ్లు ఎంతమందో చూపులని బట్టి చెప్పగలననుకున్నాను, చెప్పగలను కూడా.

సోమవారం సాయంత్రం ఈదమ్మ ఫోన్ చేసింది. పీరయ్య ఫోన్ నుంచే. చేతులు వణుకుతున్నయ్ మేడమ్, చెమటలు వోస్తున్నయ్, కన్ను మూస్తలేడు అంది. నేను ఆ టైంలో కూరగాయలు తరుగుతున్నాను, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని, గుట్కా మానితే అట్లనే ఉంటది ఈదమ్మ గారూ, నీళ్లు మంచిగ తాగమనండి, అయిదు రోజులకు సర్దుకుంటది అన్నాను. అన్నప్పుడు బెండకాయ ముక్కలు ఒకే సైజులో ఉన్నాయా అని కూడా చూసుకున్నాను. గుట్కా మానితే చిరాకు వస్తుంది, నిద్ర చెడుతుంది, ఆకలి పెరుగుతుంది. చేతులు అలా వణకవు. చొక్కా తడిసేలా చెమట పట్టదు. ఆ సంగతి నాకు తెలుసు, పరీక్షలో అడిగితే రాస్తాను, కొత్తగా చేరినవాళ్లకి బోర్డు మీద రాసి చెబుతాను. ఆ సాయంత్రం మాత్రం ఆ తెలివి ఎక్కడికి పోయిందో తెలియదు, బహుశా ఎక్కడికీ పోలేదు, నా ఫైల్లో లేదు అన్నచోట గీత ఉంది కాబట్టి నిలబడిపోయింది.

"నిన్నటి సంది ఇంకా ఎక్కువైంది మేడమ్" అంటోంది ఈదమ్మ ఇప్పుడు, నా వైపు చూడకుండా. "గోడకు నిచ్చెన ఉందని ఎక్కవోతడు. ఉత్త గోడ. మీకు ఫోన్ జేద్దామనుకున్న, మల్ల మీరు అయిదు దినాలుంటదని జెప్పిన్రు గద, ఇంక రెండు దినాలే గద అని ఊకున్న. పొద్దుగాల వద్దన్న ఇనలె, కూలి వోతదని పనికి వోయిండు."

నేను ఊ అన్నాను. ఈదమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ తర్వాత, మామూలుగా, కూరలో ఉప్పు వేశాను అన్నంత మామూలుగా, "ఏం మాట మీదున్న మనిషి మేడమ్, మీరు జెప్పిన్రని కల్లు సుత బంద్ వెట్టిండు" అంది.

కల్లు. చెట్టుకల్లు గురించి కాదు, ఊళ్లో గీసి తెచ్చి కుండలో పోసే దాని గురించి కాదు. బస్తీ వెనక దుకాణంలో సీసాల్లో అమ్మేది. స్నేహలత గారు బోర్డు ముందు నిలబడి చాక్‌పీసు చేతిలో పట్టుకుని చెప్పిన పాఠం మొత్తం కనిపిస్తోంది, ఆవిడ జరీ లేని నేత చీర, కిటికీ బయట ఎవరిదో స్కూటర్ స్టార్ట్ కావటం లేదు, కొడుతూనే ఉన్నాడు. కొన్ని దుకాణాల్లో సీసాలో ఉండేది కల్లు తక్కువ, నీళ్లూ నిద్రమాత్రల పొడీ ఎక్కువ. తాగేవాళ్లకి ఆ సంగతి తెలియదు, ఒళ్లు నొప్పులు పోయి నిద్ర పడుతుందనే తెలుసు. పదేళ్లు తాగితే పదేళ్లు నిద్రమాత్రలు మింగినట్టే. హఠాత్తుగా ఆపితే రెండోరోజు వణుకు, మూడోరోజు లేనివి కనిపిస్తాయి, ఫిట్లు వస్తాయి, ఆగకుండా ఒకదాని మీద ఒకటి వస్తే మనిషి దక్కడు. మన తెలంగాణలో మందు తాగుతావా అని అడిగితే కల్లు గురించి చెప్పరమ్మా, వాళ్ల దృష్టిలో అది మందు కాదు, కల్లు గురించి విడిగా అడగండి, ఫారంలో లేకపోయినా అడగండి. నేను దాన్ని నోట్‌బుక్‌లో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. పోయిన జూన్‌లో కొత్తగా వచ్చిన ముగ్గురికి నేనే చెప్పాను, ఇదే మాట, దాదాపు ఇదే గొంతుతో.

ఎంత తాగుతారు అని ఈదమ్మని అడిగాను. నా గొంతు మామూలుగానే ఉంది. పొద్దుగాల ఒక సీస, పని ఇడిసినంక రెండు, ఆదివారం లెక్క లేదంది. ఎన్నేళ్ల నుంచి. ఈడికి వచ్చినప్పటి సంది. చివరిసారి ఎప్పుడు. శనివారం మాపున, మీ కాడికెంచి వచ్చినంక, ఇగ ఇదే ఆఖరు అని తాగిండు అంది. శనివారం రాత్రి నుంచి బుధవారం పొద్దుటికి వేళ్ల మీద లెక్కపెట్టక్కర్లేదు.

తలుపు సందులోంచి పీరయ్య గొంతు వచ్చింది. ఇటుక అందియ్ రా, ఇటుక అందియ్, ఎండెక్కుతుంది అంటున్నాడు. పాదాలు కనిపిస్తున్నాయి గానీ చేతులు కనిపించవు, అయినా ఆ చేతులు గాల్లోకి చాచి ఉంటాయని తెలుసు. నర్సు, "పండుకో అయ్యా, ఇటుకలు లేవు ఇక్కడ" అంటోంది విసుగ్గా. ఈదమ్మ లేవబోయి కూర్చుంది. లోపల వాళ్లు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు, తలకి దెబ్బ తగిలింది కాబట్టి మతి తప్పి మాట్లాడుతున్నాడు అనుకుంటారు, తలకి దెబ్బ తగిలిన మనిషికి నిద్రపుచ్చే మందు ఇవ్వరు, లోపల ఏం జరుగుతోందో తెలియకుండా పోతుందని ఇవ్వరు, అది న్యాయమే. ఈ మనిషికి కావలసింది మాత్రం ఆ మందే. తల దెబ్బ తప్ప ఇంకేమీ లేదని వాళ్లు అనుకోవటానికి ఉన్న ఒక్క కారణం నేను ఇచ్చిన కాగితం.

మా ఇంట్లో కూడా రెండు మాటలుండేవి. ఇప్పుడిది గుర్తు చేసుకోవలసిన సమయం కాదు కానీ వస్తోంది. నాన్న రాత్రి భోజనానికి ముందు స్టీలు గ్లాసులో పోసుకుని వరండాలో కూర్చునేవాడు, అమ్మ దాన్ని టానిక్ అనేది, పక్కింటివాళ్లతో మా ఆయన తాగడండీ అనేది, అందులో అబద్ధం ఏమీ ఉన్నట్టు ఆవిడ ముఖంలో కనిపించేది కాదు. నాకు పందొమ్మిదేళ్లప్పుడు నాన్నకి హెర్నియా ఆపరేషన్ చేశారు. ముందురోజు డాక్టరు అడిగితే అమ్మ లేదండీ అంది. నేను మంచం పక్కనే ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాను. మూడోరోజు నాన్న సెలైన్ సూది పీకేసి, మా మేనత్త చీర దొంగిలించావని ఒక నర్సుని చెంప మీద కొట్టాడు, చేతులు మంచానికి కట్టేశారు, రెండు రోజులు కట్టేసి ఉంచారు. తర్వాత బాగానే తిరిగొచ్చాడు, పదకొండేళ్లు బతికాడు, ఆ ఆస్పత్రి ఉన్న రోడ్డు మీదుగా మళ్లీ ఎప్పుడూ పోలేదు. దీనికీ నేను ఈ ఉద్యోగంలోకి రావటానికీ సంబంధం ఉంటుందని మా సెంటర్లో వాళ్లు అనుకుంటారు, చెప్పుకోవటానికి బాగుంటుంది కాబట్టి నేనూ కాదనను. నిజానికి పేపర్లో ప్రకటన చూసి వచ్చాను, ఇంటికి దగ్గరని వచ్చాను.

లోపలికి వెళ్లి చెప్పాలి. చెప్పటానికి రెండు రకాలున్నాయి. రోగి సమాచారం దాచాడు అని ఒకటి. మా రికార్డుల్లో ఆ వాక్యం చాలాచోట్ల ఉంటుంది, తప్పుగా చూసేవాళ్లు లేరు, డాక్టర్లు తలూపుతారు, వీళ్లంతా ఇంతేనండీ అంటారు. పైగా అది పూర్తి అబద్ధం కూడా కాదు, అతను కల్లు మాట ఎత్తలేదు కదా. వచ్చే నెల నుంచి నన్ను సెంటర్ ఇన్‌చార్జ్ చేసే కాగితాలు నడుస్తున్నాయి. సోమవారం ఫోన్ చేసిన సంగతి నాకూ ఈదమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు, ఈదమ్మకి అది ఒక సంగతి అని కూడా తెలియదు. ఇవన్నీ నేను ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూస్తున్నాను, ఎవరో క్లయింట్ చెబుతుంటే వింటున్నట్టు, మంచిదే, ఇంకా ఏమనిపిస్తోంది అని అడగబోతున్నట్టు. ఎంతసేపు చూశానో తెలియదు. ఒక నిమిషం కావచ్చు. నిమిషం తక్కువేమీ కాదు, శనివారం నేను ఆ మనిషిని అడగని ప్రశ్నకి పది సెకన్లు కూడా పట్టేది కాదు. లోపల మంచం మళ్లీ ఇనుప చప్పుడు చేసింది. నేను లేచాను.

తలుపు తోసేసరికి మూడో ఫిట్. నర్సు అతని తల పక్కకి తిప్పి పట్టుకుంది, దవడలు బిగుసుకుని, నురగలో కొంచెం ఎరుపు. డాక్టర్ సుమంత్ గడియారం చూస్తున్నాడు. "మేడమ్, మీరు బయటే..." అన్నాడు.

"డాక్టర్ గారూ, ఆ ఫారంలో మద్యం లేదు అని రాసింది తప్పు" అన్నాను. "ఇతను పద్నాలుగేళ్లుగ రోజూ మూడు సీసాల కల్లు తాగుతడు, బస్తీల అమ్మేది, మాత్రలు కలిపేది అయ్యుంటది. శనివారం రాత్రి నుంచి పూర్తిగా మానిండు. నేనే మానమన్న. సోమవారం చేతులు వణుకుతున్నయని ఫోన్ చేస్తె గుట్కా వల్ల అని చెప్పిన. నిన్నటి నుంచి లేనివి కనిపిస్తున్నయి."

"మరి అడిగితే లేదన్నాడా?"

"కల్లు గురించి నేను అడగలేదు."

అతను నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు, అందులో కోపం లేదు, తీరిక లేదు. ఫోన్ తీసి స్కాన్ సెంటర్‌కి చేశాడు, రిపోర్టు తర్వాత పంపండి, రక్తం ఉందా లేదా అది చెప్పండి ముందు అన్నాడు, వింటూ నర్సుకి వేళ్లతో సైగ చేశాడు, లేదా, ష్యూరా, ఓకే అని పెట్టేశాడు. చిన్న గాజు సీసా విరిచి మందు సూదిలోకి ఎక్కించి సెలైన్ గొట్టంలోకి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పంపాడు, కళ్లు పీరయ్య ఛాతీ మీద, శ్వాస మీద. ఇంకో సీసా కూడా తెరిచారు, విటమిన్ ఇంజెక్షన్, అది గ్లూకోజ్ కన్నా ముందు పడాలి, అది కూడా నాకు తెలుసు. తెలిసినవన్నీ ఒక్కొక్కటే నా కళ్లముందు ఎవరో ఇంకొకరి చేతుల్లో జరుగుతున్నాయి. పిడికిళ్లు విడిపోయాయి. పాదాలు రెండు పక్కలకి వాలాయి. దవడ వదులైంది, నోరు తెరుచుకుంది, కుడి బుగ్గ లోపల ఆ తెల్లటి మచ్చ కూడా కనిపించింది.

"పడుకుంటాడు" అన్నాడు సుమంత్. "పెద్దాస్పత్రికి పంపాలి, ఇక్కడ వారం పది రోజులు పెట్టుకోలేం. డోసు రోజురోజుకీ తగ్గించుకుంటూ పోవాలి. అంబులెన్స్‌కి చెబుతాను." సూదిని ట్రేలో పడేసి, "మీరు ఆ పేజీ మళ్లీ రాసివ్వండి మేడమ్. ఇప్పుడే. వాళ్లు కూడా అదే చూస్తారు" అన్నాడు.

నర్సు బల్ల దగ్గర నిలబడే రాశాను. మద్యం: లేదు అన్నదాన్ని కొట్టేసి పక్కన కల్లు అని రాశాను, ఎంత, ఎన్నేళ్లు, చివరిసారి. కొట్టేసినచోట సంతకం పెట్టాలి, పెట్టాను. కింద కారణం అని ఒక గీత ఉంటుంది, అక్కడ మొదటిరోజు అడగలేదు అని రాశాను. సోమవారం ఫోన్ సంగతి కూడా రాశాను, టైంతో సహా. నా అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి. ఇది మా డైరెక్టర్ దగ్గరికి పోతుంది, ఆవిడ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని రెండుసార్లు చదువుతుంది, ఆ తర్వాత ఏమవుతుందో తర్వాత అవుతుంది.

బయటికి వచ్చేసరికి ఈదమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. "నిద్రపోయిండు" అన్నాను, "ఫిట్ ఆగింది" అన్నాను. ఆమె గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి నేల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను, నేల మీదే, చల్లగా ఉంది. చెప్పాను. కల్లులో ఏం కలుపుతారో, ఒక్కసారిగా మానితే ఏమవుతుందో, నేను శనివారం ఏం అడగవలసిందో, సోమవారం ఏం చెప్పవలసిందో. మాటలు చిన్నవిగా చేసి చెప్పాను. ఆమె నా నోటి వైపు చూస్తూ వింది.

"అంటే ఇప్పుడు డాక్టర్ సాబు సూదిల కల్లే ఎక్కిచ్చిండా?" అంది.

"దాంట్ల కలిపే మందుని. కొంచెం కొంచెం తగ్గిస్తరు. వారం రోజులకు అదీ ఉండదు."

"మరి ఇంట్లనే కొంచెం కొంచెం తాగినా అయిపోతుండె గద మేడమ్."

"అట్ల కాదు ఈదమ్మ గారూ. ఆ సీసాల ఎంత కలిపిన్రో ఎవరికీ తెల్వదు. డాక్టర్ చూసుకుంట తగ్గించాలె." తర్వాత, "తప్పు నాది" అన్నాను. ఎవరైనా క్షమాపణ అడిగేటప్పుడు కారణాలు చెప్పకూడదని గుంపులో కూర్చోబెట్టి మేం నేర్పుతాం, అందుకని ఇంకేమీ చెప్పలేదు.

"మీరడిగినా చెప్పకపోతుండె" అంది ఈదమ్మ. "కల్లు గూడ చెప్పే ముచ్చటనేనా, బువ్వ తింటున్న అని చెప్తరా ఎవరన్న." నన్ను ఓదార్చటానికి అందో, నిజంగానే అందో తెలియదు. ఆ మాట తీసుకుని లోపల పెట్టుకోవచ్చు, పెట్టుకోలేదు. అడిగితే చెప్పేవాడు. గుట్కా మెట్ల కింద వేసుకున్నానని చెప్పినవాడు కల్లు సంగతి చెప్పకుండా ఉండడు.

మేస్త్రి బాలకిషన్ రెండు కాగితం కప్పుల్లో టీ తెచ్చాడు. "బతికిండా మేడమ్? సేటు ఫోన్ల మీద ఫోన్లు జేస్తుండు, పనికాడ ఏమన్న అయితే కేసు అయితదని పరేషాన్ అయితుండు" అన్నాడు. బతికాడు, పెద్దాస్పత్రికి పోతున్నాడు అన్నాను. అతను చెప్పులు చప్పుడు చేసుకుంటూ ఫోన్ మాట్లాడటానికి బయటికి పోయాడు. నేను టీ తాగాను, చక్కెర ఎక్కువ. ఈదమ్మ కప్పు తీసుకుంది గానీ నోటి దాకా పోలేదు, మధ్యలోనే టీ ఒలికి మోకాలి మీద చీర తడిసింది. ఇంకో చెయ్యి కూడా వేసి రెండు చేతులతో పట్టుకుంది, అయినా ఒలికింది. భయపడి ఉంది, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, అనుకున్నాను. ఫ్యాను నేరుగా మా మీదే తిరుగుతోంది. ఈదమ్మ పైపెదవి మీద చెమట చుక్కలు నిలబడి ఉన్నాయి, రవికె చంకల దగ్గర నల్లగా తడిసి ఉంది. కప్పు ఆమె చేతుల్లోంచి తీసి నేల మీద పెట్టాను.

"ఈదమ్మ గారూ, మీరు కల్లు తాగుతరా?"

ఆమె కొంచెం సిగ్గుపడింది. "అందరం తాగుతం గద మేడమ్. తట్టలు మోసినంక ఒక సీస లేకుంటె నడుము వొంగదు."

"ఎన్నేండ్ల నుంచి?"

"పెండ్లి కాకముందుకెంచి."

"ఆఖరుసారి ఎప్పుడు తాగిన్రు?"

"ఆయన ఇడిసిపెట్టినంక నేనొక్కదాన్ని ఎట్ల తాగుత?" అంది. "ఆయన ముంగట తాగితె మల్ల ఆయన మనసు గుంజదా? ఆ దినమే నేను సుత బంద్ వెట్టిన."

ఆమె మణికట్టు పట్టుకున్నాను. నాడి నా వేళ్ల కింద పరుగెత్తుతోంది, లెక్క అందటం లేదు. నిద్ర పట్టిందా అంటే తల అడ్డంగా ఊపింది. మూడు రాత్రులు ఆయన్ని పట్టుకుని కూర్చున్నా కదా, నిద్ర ఎట్ల వస్తది అంది. అది కారణమేనని ఆమె నమ్ముతోంది.

"ఏమన్న కనిపిస్తున్నయా మీకు? ఇక్కడ, ఇప్పుడు?"

ఈదమ్మ ఎదురుగోడ వైపు చూసింది, ఒకచోటే, కింది నుంచి పైకి, కదులుతున్నదాన్ని చూస్తున్నట్టు. తర్వాత మెల్లగా నా ముఖం వైపు తిరిగింది, నాకు కూడా అది కనిపిస్తోందో లేదో నా ముఖంలో వెతుక్కోవటానికి. నా ముఖం మీద ఏముందో నాకు తెలియదు. చెయ్యి వదలకుండానే తలుపు వైపు తిరిగి డాక్టర్ గారూ అని పిలిచాను, ఆ నడవా అంతా వినపడేలా.